శిక్ష ఎవరికి పాఠం నేర్పుతుంది?

రాత్రి ఎనిమిదిన్నర. మూడేళ్ల పిల్లవాడికి పప్పన్నం కలిపి తెచ్చారు. వాడికి ఫోన్ కావాలి. "తిన్నాక ఇస్తా" అంది అమ్మ. ఏడుపు మొదలైంది. రెండు నిమిషాల్లో ఏడుపు అరుపైంది, కంచం పక్కకు పోయింది. లోపలి గదిలోంచి నానమ్మ, "ఇచ్చెయ్యమ్మా, తినే వేళ పసివాణ్ని ఏడిపించడం దేనికి" అంది. ఫోన్ చేతికొచ్చింది, అరుపు ఆగింది. చాలా ఇళ్లలో రోజూ జరిగేదే ఇది.

ఇందులో పిల్లవాడు నేర్చుకున్నది అందరికీ కనబడుతుంది: అడిగితే రానిది అరిస్తే వస్తుంది. అమ్మ నేర్చుకున్నది మాత్రం ఎవరి కంటా పడదు. భరించలేని అరుపు ఫోన్ ఇచ్చిన మరుక్షణం ఆగిపోయింది. ఆ ఉపశమనం వల్ల రేపు రాత్రి ఆమె చెయ్యి ఇంకాస్త తొందరగా ఫోన్ వైపు వెళ్తుంది. అదే చోట నాన్న ఉండి వీపు మీద ఒకటి వేసుంటే? వాడు వెక్కుతూ ఆగేవాడు. అప్పుడు నాన్నకూ ఒక పాఠం దొరికేది: కొడితే ఆగుతుంది. అమెరికాలోని ఓరెగన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఇళ్లకు వెళ్లి కూర్చుని ఇలాంటి ఘట్టాలను వరుసగా నమోదు చేశారు. మొండి పిల్లలున్న ఇళ్లలో పెద్దలు, పిల్లలు ఒకరికొకరు ఇలాగే శిక్షణ ఇచ్చుకుంటున్నారని, ప్రతి విడతకూ రెండు వైపులా తీవ్రత ఒక మెట్టు పెరుగుతోందని వాళ్లు చూపించారు.

బహుమతి, శిక్ష పిల్లల మీద ఎలా పనిచేస్తాయన్నది మనం తరచూ మాట్లాడుకునేదే. వాటిని ఇచ్చేవాళ్ల మీద అవి ఎలా పనిచేస్తాయన్నది దాదాపు మాట్లాడుకోం. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది.

టెట్, డీఎస్సీకి చదివినవాళ్లకు కార్యసాధక నిబంధనం (ఫలితాన్ని బట్టి పని అలవాటు కావడమో మానడమో), పునర్బలనం అన్న మాటలు కంఠస్థమే. బిట్టు పేపరుకు ఆ మాత్రం చాలు. ఇంట్లోనో తరగతిలోనో వాడాలంటే ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఒక పని చేశాక వచ్చిన ఫలితం వల్ల ఆ పని మున్ముందు పెరిగితే ఆ ఫలితం పునర్బలనం, తగ్గితే శిక్ష. ఇచ్చినవాళ్ల ఉద్దేశంతో దీనికి సంబంధం లేదు. పెరగడం రెండు రకాలుగా జరుగుతుంది: కావాల్సింది వచ్చిందనో (పిల్లవాడికి ఫోన్), బాధపెట్టేది పోయిందనో (అమ్మకు అరుపు ఆగడం). ఈ రెండోదాన్నే రుణాత్మక పునర్బలనం అంటారు. దాన్ని శిక్ష అనుకోవడం పరీక్షల్లో అందరూ చేసే పొరపాటు. తగ్గడమూ రెండు రకాలే: బాధ పెట్టేది వచ్చిపడటం, ఇష్టమైనది చేజారడం.

ఉద్దేశంతో సంబంధం లేదన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఆచరణలో చాలా తప్పులు అక్కడే జరుగుతాయి. లెక్కలంటే భయపడే పిల్లవాడు లెక్కల పీరియడ్‌లో అల్లరి చేస్తే మాస్టారు బయట నిలబెట్టారు. ఆయన శిక్ష అనుకున్నారు. వాడికి లెక్కల నుంచి విడుదల దొరికింది. వచ్చే వారం అల్లరి పెరిగిందంటే జరిగింది పునర్బలనమే. ఇంట్లో ముగ్గురు పిల్లలుండి ఎవరికీ తీరిక లేనప్పుడు, తిట్టు కూడా వాళ్లలో ఒకరికి బహుమతి కావచ్చు. ఆ తిట్టినంతసేపైనా అమ్మ తనవైపు చూస్తుంది. కాబట్టి ఏది బహుమతో ఏది శిక్షో ముందుగా చెప్పలేం. లెక్కపెట్టి చూశాకే తెలుస్తుంది.

ఈ లెక్కపెట్టడం 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పిల్లులతో మొదలుపెట్టాడు. ఆకలిగా ఉన్న పిల్లిని చెక్కపెట్టెలో పెట్టి, బయట తిండి ఉంచి, లోపలి గొలుసో మీటో కదిలితే తలుపు తెరుచుకునేలా ఏర్పాటు చేశాడు. ఒక పిల్లికి మొదటిసారి బయటపడటానికి 160 సెకన్లు పట్టింది. ఇరవై సార్లు దాటేసరికి పది సెకన్లలోపే బయటికి వచ్చేది. ఆ అంకెలను గ్రాఫు గీస్తే ఒకచోట ఠక్కున కిందికి పడిపోయిన గీత కనిపించదు. ఎగుడుదిగుళ్లతో నెమ్మదిగా దిగిన గీత కనిపిస్తుంది. అంటే పిల్లికి ఒక్కసారిగా "అర్థం" కాలేదు. పనికిరాని కదలికలు మెల్లగా రాలిపోయాయి, తలుపు తెరిచిన కదలిక నిలిచింది. పిల్లల అలవాట్లకూ ఇదే గీత ఉంటుంది. నిన్న బాగా చేసి ఇవాళ మళ్లీ మొదటికొచ్చాడని నిరుత్సాహపడే తల్లిదండ్రులు ఆ గీతను ఒకసారి చూడాలి.

థార్న్‌డైక్ ఫలిత నియమం మొదట రెండు కాళ్ల మీద నిలబడింది: తృప్తి బంధాన్ని బలపరుస్తుంది, బాధ బలహీనపరుస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత ఆయనే రెండో కాలును చాలావరకు తీసేశాడు. మనుషులకు తెలియని స్పానిష్ మాటలు ఇచ్చి, ఒక్కోదానికి ఐదు అర్థాల్లోంచి ఒకటి ఎంచుకోమన్నాడు. సరైతే "రైట్", తప్పైతే "రాంగ్" అన్నాడు. "రైట్" అనిపించుకున్న జవాబులు మళ్లీ మళ్లీ వచ్చాయి. "రాంగ్" అనిపించుకున్నవి అదే స్థాయిలో తగ్గలేదు. ఎర్రసిరా ఇంటూ గుర్తులతో నిండిన నోటు పుస్తకం పిల్లలకు ఎందుకు అంత తక్కువ నేర్పుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఇంటూ గుర్తు ఏది కాదో చెబుతుంది. ఏది సరైనదో చెప్పదు.

1938 నాటికి బి.ఎఫ్. స్కిన్నర్ అనే మరో అమెరికన్ మనస్తత్వవేత్త ఎలుకలతో ఇంకో అడుగు వేశాడు. మీట నొక్కితే తిండి వస్తుందని నేర్పాక, తిండి ఆపేశాడు. కొన్ని ఎలుకలకు మొదట్లో కాసేపు మీట నొక్కినప్పుడల్లా కాలి మీద దెబ్బ పడేలా చేశాడు. దెబ్బలు పడుతున్నంతసేపు అవి నొక్కడం బాగా తగ్గించాయి. దెబ్బలు ఆగాక మళ్లీ అందుకుని, రెండో రోజు ముగిసేసరికి దెబ్బలు తినని ఎలుకలు మొత్తం ఎన్నిసార్లు నొక్కాయో ఇవీ దాదాపు అన్నిసార్లు నొక్కేశాయి. దెబ్బ ఆ పనిని కాసేపు తొక్కిపెట్టింది, అంతే. సార్ ఉన్నప్పుడు సూది పడితే వినిపించే తరగతి, సార్ స్టాఫ్‌రూముకు వెళ్లగానే సంతలా మారడం ఇదే.

శిక్ష అసలు పనిచేయదని చెబితే అది అబద్ధం. పొయ్యి మీద చెయ్యి పెట్టిన పిల్లకు ఒక్కసారితో తెలుస్తుంది. శిక్ష ఎప్పుడు పనిచేస్తుందో 1966లో నేథన్ అజ్రిన్, విలియం హోల్జ్ పావురాల ప్రయోగాల నుంచి వివరంగా తేల్చారు. తప్పు చేసిన ప్రతిసారీ పడాలి. వెంటనే పడాలి. మొదటిసారే గట్టిగా ఉండాలి. చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే జంతువు దానికి అలవాటుపడుతుంది. తప్పించుకునే దారి ఉండకూడదు. వీటన్నిటికంటే ముఖ్యంగా, అదే తిండిని సంపాదించుకునే ఇంకో దారి అందుబాటులో ఉండాలి. ఆ దారి ఉంటే కొద్దిపాటి శిక్షతోనే పాత పని ఆగిపోతుంది.

ఈ షరతులను మన ఇళ్లకు వర్తింపజేసి చూడండి. పొయ్యి వాటన్నిటినీ పాటిస్తుంది. నాన్న ఒక్కటీ పాటించలేడు. ప్రతిసారీ చూడలేడు, ఇంట్లో ఉండడు. "నాన్న రానీ, చెప్తాను" అన్నప్పుడు మధ్యాహ్నం చేసిన పనికి రాత్రి శిక్ష పడుతుంది. అప్పటికి వాడు చేస్తున్న పని ఏమిటి? గేటు చప్పుడు విని పరుగెత్తుకు రావడం. దెబ్బ అంటుకునేది ఆ పరుగుకే. ఇక తీవ్రత సంగతి. మొదటిసారే గట్టిగా కొట్టాలని ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. అందుకే అందరూ మందలింపుతో మొదలుపెట్టి, అరుపుకు, తొడపాశానికి, బెత్తానికి ఒక్కో మెట్టూ ఎక్కుతారు. పిల్లవాణ్ని దెబ్బలకు అలవాటు చేయాలంటే అంతకంటే మంచి పద్ధతి లేదు. తప్పించుకునే దారులేమో బోలెడు: అబద్ధం, ప్రోగ్రెస్ కార్డు మీద దొంగ సంతకం, బడి ఎగ్గొట్టడం. ఇవన్నీ శిక్ష నుంచి కాపాడతాయి కాబట్టి ఇవే బలపడతాయి.

2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ ఐదు దశాబ్దాల్లో జరిగిన 75 అధ్యయనాలను, లక్షా అరవై వేల మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. పిల్లలకు దెబ్బలు వేయడానికీ ఎదురుతిరగడం, దూకుడు, మానసిక ఇబ్బందులు ఎక్కువ కావడానికీ సంబంధం కనిపించింది. మొండి పిల్లలకే ఎక్కువ దెబ్బలు పడతాయి కదా, ఏది కారణం ఏది ఫలితం అని అడగడం న్యాయమే. అలాంటి అధ్యయనాలు దాన్ని పూర్తిగా విడదీయలేవు. అయినా దెబ్బలు మేలు చేశాయన్న ఆధారం అందులో దొరకలేదు.

"దండం దశగుణం భవేత్" అనే ఊళ్లలో పెరిగినవాళ్లం. వీధిబడుల్లో కోదండం, ఆ తర్వాత గోడకుర్చీ, గుంజీలు, చింతబరికె. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయినా బెత్తం పూర్తిగా పోలేదంటే కారణం పంతుళ్ల మనసులు కఠినమని కాదు. బెత్తం ఎత్తిన మరుక్షణం తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం పంతులుకు దొరికే పునర్బలనం, అదీ సెకనులోపే. రెండు వారాల తర్వాత కనిపించే నష్టం ఆ సెకనుతో పోటీపడలేదు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో 1948లో రాబర్ట్ గ్రైస్ ఎలుకలతో కొలిచాడు. తెలుపు, నలుపు దారుల్లో సరైనదాన్ని ఎంచుకుంటే తిండి. ఆ తిండి అర సెకను ఆలస్యమైనా నేర్చుకోవడం స్పష్టంగా మందగించింది. పది సెకన్లు ఆలస్యమైతే 1400 ప్రయత్నాలిచ్చినా చాలా ఎలుకలు నేర్చుకోలేకపోయాయి. మనిషికి భాష ఉంది కాబట్టి "నువ్వు పొద్దున చేసిన దానికి ఇది" అని చెప్పి కొంత దూరం వంతెన వేయవచ్చు. మూడేళ్లవాడికి ఆ వంతెన చాలా పొట్టిది. పదోక్లాసులో మంచి మార్కులు తెచ్చుకుంటే సైకిల్ అని ఆరోక్లాసు పిల్లకు చెప్పడం ప్రేమే కావచ్చు కానీ, ఇవాళ సాయంత్రం పుస్తకం తెరవడానికి అది ఏమాత్రం సాయపడదు.

ఇక ఫోన్-అన్నం సంగతికి వద్దాం. ఇది చాలామందికి కావాల్సింది కాబట్టి విడమరిచి రాస్తున్నాను. పిల్లవాడి బరువు తక్కువగా ఉన్నా, మింగడంలో ఇబ్బంది ఉన్నా, కొన్ని రకాల తిండిని తాకడానికే భయపడుతున్నా ముందు పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇక్కడ రాసేది ఆరోగ్యంగా ఉన్న పిల్లల గురించే.

మొదటి వారం ఏమీ మార్చకండి. ఒక కాగితం మీద ప్రతి భోజనానికీ ఒక వరుస: తేదీ, వేళ, ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఎన్ని నిమిషాలు, చివరికి ఏం దొరికింది, ఎవరిచ్చారు. వారానికి ఇరవై దాకా వరుసలు వస్తాయి. చాలాసార్లు గొడవంతా రాత్రి భోజనానికేననో, ఒకే మనిషి తినిపించేటప్పుడేననో తేలుతుంది. సాయంత్రం ఏడింటికి పాలూ బిస్కెట్లూ పట్టించి ఎనిమిదిన్నరకు అన్నం పెడుతున్నట్టూ తేలవచ్చు. కడుపు నిండిన పిల్లవాడికి ముద్ద బహుమతి కాదు, శిక్ష. అలాంటప్పుడు భోజనానికి రెండు గంటల ముందు నుంచి చిరుతిళ్లు ఆపితేనే పోరు బాగా తగ్గుతుంది. ఫోన్ కంటికి కనిపించకుండా ఉంచడం కూడా మొదటి పనుల్లో ఒకటి. ఎదురుగా ఉన్న ఫోన్ "నువ్వు అరిస్తే వస్తాను" అని పిలుస్తున్నట్టే.

తర్వాత ఏం కావాలో నిర్ణయించుకోండి. ఏం వద్దో కాదు. ఆగ్డెన్ లిండ్స్‌లీ అనే ప్రవర్తనా శాస్త్రవేత్త దీనికి ఒక పరీక్ష పెట్టాడు: చనిపోయినవాడు కూడా చేయగలిగిందైతే అది ప్రవర్తన కాదు. "అల్లరి చేయకుండా ఉండటం" శవమూ చేయగలదు. "ఫోన్ లేకుండా పీట మీద కూర్చుని ఐదు ముద్దలు తినడం" చేయలేదు. లక్ష్యం ఇలా ఉండాలి.

లక్ష్యం ఐదు ముద్దలైనా మొదటి రోజు రెండింటితో మొదలుపెట్టండి. వాడు ఇప్పటికే దాదాపు చేయగలిగిన చోటి నుంచి మెట్లు కట్టాలి. రెండు ముద్దలు ఫోన్ లేకుండా తిన్న క్షణంలో, ఆ ముద్ద ఇంకా నోట్లో ఉండగానే, పేరుపెట్టి చెప్పండి: "ఫోన్ లేకుండా రెండు ముద్దలు తిన్నావు!" "గుడ్ బాయ్" కంటే ఇది మేలు. ఏ పనికి మెప్పు దొరికిందో వాడికి తెలుస్తుంది. దాని వెంటే వాడికి ఇష్టమైనది ఏదైనా ఇవ్వండి. నాన్న వీపు మీద ఉప్పుమూట ఒక చుట్టు, కథలో ఒక ముక్క, ఒక పాట. ఫోన్‌నే బహుమతిగా పెట్టవచ్చా అంటే సూత్రప్రకారం పెట్టవచ్చు. ఎక్కువ ఇష్టమైన పని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా పనికొస్తుందని 1959లోనే డేవిడ్ ప్రీమాక్ చూపించాడు. ఆరేళ్లు దాటినవాళ్లకు హోంవర్కు తర్వాత ఇరవై నిమిషాల టీవీ అని పెడితే బాగానే నడుస్తుంది. మూడేళ్లవాడికి అన్నం దగ్గర మాత్రం నేను వద్దంటాను. వదిలించాలనుకున్న వస్తువునే కిరీటం పెట్టి కూర్చోబెట్టినట్టవుతుంది.

పది భోజనాల్లో ఎనిమిది సాఫీగా జరిగితే ఒక ముద్ద పెంచండి. వరసగా రెండుసార్లు తప్పితే ఒక మెట్టు దిగండి. పెద్దవాళ్లు చేసే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: మూడో రోజు బాగా తిన్నాడని నాలుగో రోజు కంచం నిండా పెట్టేస్తారు. ఇంకోటి, మెప్పుకు ముల్లు తగిలించడం. "చూశావా, తినగలవు! మరి నిన్నంతా ఎందుకు ఏడిపించావు?" ఈ వాక్యంలో మొదటి సగం బహుమతి, రెండో సగం శిక్ష. రెండూ బాగా తిన్న పని మీదే పడ్డాయి.

అరుపు మొదలైతే ఫోన్ ఇవ్వకండి, ఉపన్యాసమూ ఇవ్వకండి. పక్కనే ఉండండి, దెబ్బ తగలకుండా చూసుకోండి, ముఖం మామూలుగా ఉంచండి. అరుపు ఆగి పది సెకన్లు గడిచాక వాడివైపు తిరిగి మామూలుగా మాట్లాడండి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలయ్యాక మిగిలినదానితో కంచం తీసేయండి, ఏమీ అనకుండా. తర్వాతి భోజనం వేళకే పెట్టండి.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. ఇంతకాలం పనిచేసిన పని ఒక్కసారిగా పనిచేయకపోతే, తగ్గడానికి ముందు అది పెరగవచ్చు. లిఫ్టు రాకపోతే బటన్‌ను మనమూ పదిసార్లు గట్టిగా నొక్కుతాం. మొదటి రెండు మూడు రోజులు అరుపు ఎక్కువసేపు ఉండవచ్చు, కొత్త వేషాలు రావచ్చు: కక్కడం, తల బాదుకోవడం, "నువ్వు మంచి అమ్మవి కాదు" అనడం. ఆ శిఖరం మీద ఫోన్ ఇస్తే, ఇప్పటిదాకా ఉన్న అరుపు కాదు, ఆ శిఖరమే బలపడుతుంది. పైగా అప్పుడప్పుడు మాత్రమే ఫలించే పని, ఎప్పుడూ ఫలించే పనికంటే మానడానికి చాలా ఎక్కువ కాలం తీసుకుంటుంది. అందుకే నా సలహా కొందరికి వింతగా అనిపించవచ్చు: పదో నిమిషంలో ఎలాగూ ఇచ్చేస్తామని మీకు తెలిస్తే, మొదటి నిమిషంలోనే, వాడు అరవకముందే ఇచ్చేయండి. నిలబడగలిగే వారం చూసుకుని అప్పుడు మొదలుపెట్టండి. పెళ్లిళ్లు, ప్రయాణాలు, పిల్లవాడికి జ్వరం ఉన్న వారం వద్దు. తల బాదుకోవడం లాంటిది దెబ్బ తగిలేంతగా ఉంటే ఒంటరిగా ప్రయత్నించకుండా పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గరకు వెళ్లండి.

నానమ్మ సంగతి. 1959లో సి.డి. విలియమ్స్ ఇరవై ఒక్క నెలల పిల్లవాడి గురించి చిన్న నివేదిక రాశాడు. జబ్బు చేసి కోలుకున్న ఆ పిల్లవాడు, నిద్రపోయేదాకా పెద్దవాళ్లు గదిలోనే ఉండాలని గోల చేసేవాడు. తల్లిదండ్రులు ప్రేమగా పడుకోబెట్టి తలుపు వేసి వచ్చేయడం మొదలుపెట్టారు. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారి వచ్చేసరికి ఏడుపే లేదు. ఆ తర్వాత ఒక వారానికి, బంధువు ఒకావిడ పడుకోబెట్టినప్పుడు మళ్లీ ఏడిస్తే ఆవిడ నిద్రపోయేదాకా పక్కనే ఉండిపోయింది. ఆ ఒక్క రాత్రితో గోల మొత్తం తిరిగొచ్చింది. మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. రెండోసారి ఎవరూ జారలేదు, ఆ తర్వాత రెండేళ్లలో సమస్య మళ్లీ రాలేదు. ఉమ్మడి ఇళ్లలో ఈ పని మొదలుపెట్టే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకోవాలనడం ఇందుకే. నానమ్మను "మీరు మధ్యలో రాకండి" అంటే ఆమెకు అది శిక్ష, ఎలాగూ నిలవదు. ఆమెకు పని ఇవ్వండి: కథ చెప్పే పని, ముద్దలు లెక్కపెట్టే పని. వాడు తిన్నప్పుడు దొరికే నవ్వు ఆమెకూ దక్కాలి.

అంతా సర్దుకున్నాక కూడా, ఊరెళ్లి వచ్చాకో పండగలయ్యాకో ఒక రోజు పాత అరుపు ఊడిపడుతుంది. పాఠ్యపుస్తకాల్లో అయత్నసిద్ధ స్వాస్థ్యం అని చదివింది ఇదే. చేసింది వృథా అయిందని కాదు. అదే పద్ధతిలో ఉంటే ఈసారి చాలా తొందరగా పోతుంది.

బహుమతి గురించీ అంతే నిక్కచ్చిగా మాట్లాడాలి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న "గుడ్ ప్లేయర్" పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత, ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు, ముందే ఒప్పందం కుదిరిన పిల్లలు తమ సమయంలో 8.6 శాతమే బొమ్మల మీద గడిపారు. ఏమీ పొందనివాళ్లు 16.7 శాతం, అనుకోకుండా పొందినవాళ్లు 18.1 శాతం. పిల్ల తనంతట తాను కథల పుస్తకం చదువుతుంటే పేజీకి ఇంత అని డబ్బు కట్టకండి. అసలు ఇష్టమే లేని పనికి (పళ్లు తోముకోవడం, ఎక్కాలు) బహుమతి పెట్టడంలో ఈ నష్టం లేదు. చంపడానికి అక్కడ ఇష్టమే లేదు కదా.

జరిమానా ఇంకో రకంగా బెడిసికొట్టవచ్చు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో యూరి నీజీ, ఆల్డో రుస్టిచిని పది శిశు సంరక్షణ కేంద్రాలను ఇరవై వారాలు గమనించారు. ఆరు కేంద్రాల్లో పిల్లల్ని తీసుకెళ్లడానికి పది నిమిషాలకు మించి ఆలస్యమైతే 10 షెకెల్‌ల జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు. అంతకుముందు టీచరును కూర్చోబెట్టామన్న మొహమాటం ఉండేది. ఇప్పుడు ఆ సమయానికి ధర కట్టేశారు, అదీ చవగ్గా. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు.

బహుమతి ఎంత తరచుగా అన్నదానికి 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ ప్రచురించిన గ్రాఫులే ఇప్పటికీ ఆధారం. ఇన్ని చేస్తే ఇంత అన్నది స్థిర నిష్పత్తి. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు వెయ్యి బీడీల లెక్కన కూలి కట్టేది ఇదే పద్ధతి: చెయ్యి వేగంగా ఆడుతుంది, ఒక విడత అయ్యాక కాస్త విరామం. పరీక్ష తేదీ స్థిర కాలవ్యవధి: ముందు వారం తెల్లవార్లూ చదువు, తర్వాత పుస్తకం మూత. ఎన్నోసారికి వస్తుందో తెలియనిది చర నిష్పత్తి. అది అన్నిటికంటే పట్టి ఉంచుతుంది. ఆన్‌లైన్ రమ్మీ పట్టు అక్కడి నుంచే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించే చట్టాలు తెచ్చాయి. బొటనవేలితో ఒక్కో వీడియోను పైకి తోస్తూ పోవడంలోనూ ఇదే లెక్క: తర్వాతిది బాగుండవచ్చు. పిల్లల అలవాట్లకు దీన్నుంచి తీసుకోవాల్సింది ఒక్కటి. నేర్పేటప్పుడు ప్రతిసారీ ఇవ్వండి. కుదురుకున్నాక రెండుసార్లకో మూడుసార్లకో ఒకసారి, తర్వాత ఎప్పుడో తెలియకుండా. ఒక్కసారిగా ఆపితే కట్టిందంతా కూలుతుంది.

నలభై మంది ఉన్న తరగతిలో ఇదంతా సాధ్యమా అని టీచర్లు అడుగుతారు. 1969లో అమెరికాలో ఒక నాలుగో తరగతిలో బారిష్, సాండర్స్, వుల్ఫ్ చేసింది చూడండి. తరగతిని రెండు జట్లు చేశారు. పాఠం మధ్యలో అనుమతి లేకుండా లేచినా, మాట్లాడినా ఆ జట్టుకు బోర్డు మీద ఒక గీత. తక్కువ గీతలున్న జట్టు గెలుస్తుంది. ఇద్దరికీ ఐదుకు మించకపోతే ఇద్దరూ గెలుస్తారు. గెలిస్తే మధ్యాహ్నం భోజనానికి ముందు వరస, రోజు చివర కాసేపు ఇష్టమైన పని చేసుకునే వీలు. డబ్బు ఖర్చు లేదు. లెక్కల పీరియడ్‌లో గమనించిన వ్యవధుల్లో అడగకుండా మాట్లాడటం 96 శాతం నుంచి 19 శాతానికి, సీటు వదలడం 82 నుంచి 9 శాతానికి వచ్చాయి. ఆట ఆపినప్పుడు అల్లరి తిరిగొచ్చింది, మళ్లీ పెట్టినప్పుడు తగ్గింది. మార్పు ఆటవల్లే అని అలా తేలింది. చిక్కూ వచ్చింది: ఒకరిద్దరు ఆట ఆడబోమని మొండికేసి సొంత జట్టునే ఓడించసాగారు. వాళ్లను జట్టు నుంచి విడదీయాల్సి వచ్చింది. అలాంటి పిల్లలను విడిగా చిన్న జట్టు చేయడం మంచిది. లేకపోతే వాళ్ల వల్ల ఓడిన తోటిపిల్లల కోపం విరామంలో వాళ్ల మీద పడుతుంది.

ఇలాంటి పద్ధతులు మధ్యలో ఆగిపోవడానికి మామూలుగా కారణం పిల్లలు కాదు. బెత్తం ఎత్తితే సెకనులో నిశ్శబ్దం. మెప్పు పనిచేయడం కనబడాలంటే పది రోజులు. ఆ పది రోజులూ పెద్దవాళ్లను నిలబెట్టేది ఏదో ఒకటి ఉండాలి. అందుకే గళ్ల కాగితం ఒకటి బీరువా తలుపుకో స్టాఫ్‌రూము గోడకో అంటించి, అడ్డంగా రోజులు, నిలువుగా అరుపుల నిమిషాలో బోర్డు మీది గీతలో పెట్టి, రోజుకో చుక్క పెట్టుకోవాలి. మొదటి మూడు నాలుగు చుక్కలు పైకి వెళ్తే కంగారు పడకండి. రెండు వారాలైనా చుక్కలు దిగకపోతే మెట్టు మరీ ఎత్తుగా ఉందా, బహుమతి ఆలస్యంగా అందుతోందా, మనకు తెలియకుండా ఇంకెవరైనా ఫోన్ ఇస్తున్నారా అని ఈ వరసలోనే చూడండి. మూడూ సరిగ్గా ఉంటే బహుమతి మార్చండి. అది మనకు బహుమతి, వాడికి కాదు.